"ఈ గేమ్ స్టీమ్‌లో ఎందుకు లేదన్నా?" – పీసీ గేమ్ స్టోర్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో నాది చిన్న కంప్యూటర్ షాపు. సికింద్రాబాద్ సీటీసీ నుంచి పార్టులు తెచ్చి పీసీలు కడతాను, పాతవి బాగుచేస్తాను. అంతకుముందు ఇదే గదిలో నెట్ సెంటర్ ఉండేది. సాయంత్రమైతే కాలేజీ పిల్లలు రెండు జట్లుగా కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడుతూ గదంతా మోత మోగించేవాళ్లు. ఆ గేమ్ ఎవరిది, ఎక్కడ కొనాలి అని అప్పుడు ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు అడుగుతున్నారు. గేమింగ్ పీసీ పట్టుకెళ్లిన వారం లోపే ఫోన్ వస్తుంది. జడ్చర్ల నుంచైనా, దేవరకొండ నుంచైనా, మిర్యాలగూడ నుంచైనా ప్రశ్నలు అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

స్టోర్ అన్నా లాంచర్ అన్నా ఒకటేనా?

దాదాపు ఒకటే. స్టోర్ అంటే గేమ్ అమ్మే చోటు. లాంచర్ అంటే మీ పీసీలో కూర్చుని ఆ గేమ్‌ను దింపి, అప్‌డేట్ చేసి, తెరిచే ప్రోగ్రామ్. స్టీమ్, ఎపిక్ లాంటివి రెండు పనులూ ఒకే ప్రోగ్రామ్‌లో చేస్తాయి. చిక్కు ఎక్కడంటే, కొన్ని గేములు స్టీమ్‌లో కొన్నా సరే, తెరవగానే లోపల కంపెనీ సొంత లాంచర్ ఇంకోటి తెరుచుకుంటుంది. యూబీసాఫ్ట్, ఈఏ గేములతో ఇది ఎక్కువ. "అన్నా, వైరస్ వచ్చింది" అని తెచ్చిన పీసీల్లో రెండు మూడు ఈ బాపతువే.

ఎక్స్‌క్లూజివ్ అంటే ఏంటి?

ఒక గేమ్ ఒకే స్టోర్‌లో దొరకడం. కానీ అన్నీ ఒక రకం కాదు.

సొంత సరుకు సొంత దుకాణంలోనే పెట్టుకోవడం ఒకటి. వాలరెంట్ ఆడాలంటే అది తీసిన రయట్ కంపెనీ లాంచర్ పెట్టుకోవాల్సిందే, ఫోర్ట్‌నైట్ ఎపిక్ దగ్గరే. డబ్బు పెట్టి గేమ్ తీయించుకుని తన దగ్గరే ఉంచుకోవడం రెండోది. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఆలన్ వేక్ 2కు ప్రచురణకర్త ఎపిక్కే, అందుకే పీసీలో అది ఎపిక్‌లో తప్ప కనిపించదు. వీటి మీద ఎవరికీ పెద్దగా కోపం ఉండదు. గొడవంతా మూడో రకంతోనే. ఎవరో తీసిన గేమ్, అన్ని చోట్లా రావాల్సింది, ఒక స్టోర్ ముందే డబ్బిచ్చి ఆరు నెలలో ఏడాదో తన దగ్గరే ఆపుకోవడం.

ఎవరి గేమ్‌కో స్టోర్ అంత డబ్బు ఎందుకిస్తుంది? దానికేం లాభం?

కొల్లాపూర్ వైపు మామిడి తోటలున్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తోట పూత మీద ఉండగానే వ్యాపారి వస్తాడు. చెట్టు చెట్టూ తిరిగి చూసి, ఇంతకు గుత్త అని మాట్లాడుకుని డబ్బు ఇచ్చిపోతాడు. తర్వాత కాయ బాగా నిలిచినా, గాలివానకు సగం రాలినా రైతు డబ్బు రైతు దగ్గరే ఉంటుంది. బదులుగా ఆ సీజన్ కాయ ఇంకొకరికి అమ్మకూడదు.

ఎపిక్ చేసిందీ అదే. గేమ్ ఇంకా తయారవుతుండగానే "ఎన్ని కాపీలు పోయినా పోకపోయినా కనీసం ఇంత మీకు గ్యారంటీ" అని ఒప్పందం రాసుకుంది. మామిడి గుత్తకూ దీనికీ తేడా ఒక్కటే. అమ్మకాలు ఆ గ్యారంటీ మొత్తం దాటితే, ఆ పైన వచ్చే ప్రతి కాపీలోనూ గేమ్ కంపెనీకి మళ్లీ వాటా వస్తుంది. తోట వ్యాపారి అంత ధర్మాత్ముడు కాదు.

ఆపిల్ మీద ఎపిక్ వేసిన కేసు 2021లో విచారణకు వచ్చినప్పుడు లోపలి కాగితాలు కొన్ని బయటపడ్డాయి. బోర్డర్‌ల్యాండ్స్ 3 ఒప్పందం మొత్తం 14.6 కోట్ల డాలర్లు, అందులో కనీస గ్యారంటీ 8 కోట్లు. ఆ 8 కోట్లు గేమ్ విడుదలైన రెండు వారాల్లోనే తిరిగి వచ్చేశాయి. అన్ని తోటలూ అట్లా కాయవు. కొన్ని గేములకు ఇచ్చిన గ్యారంటీ వెనక్కి రాలేదు, ఆ నష్టం ఎపిక్ ఖాతాలోనే పడింది.

ఎపిక్‌కు కావాల్సింది ఆ గేమ్ మీద లాభం కాదు, మీరు. మీ అకౌంట్, మీ మెయిల్, మీ అలవాటు. అందరి స్నేహితులూ, అందరి గేములూ స్టీమ్‌లోనే ఉన్నప్పుడు కొత్త దుకాణం గుమ్మం ఎవరు తొక్కుతారు? ఇంకెక్కడా దొరకని సరుకు ఒకటి పెడితే తొక్కుతారు.

30 శాతం, 12 శాతం అంటుంటారు. అవేం లెక్కలు?

స్టోర్ పట్టుకునే కమీషన్. స్టీమ్ మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. 2018 నవంబర్ చివర్లో చిన్న సవరణ తెచ్చింది. ఒక గేమ్ ఆదాయం కోటి డాలర్లు దాటితే ఆ పైన 25 శాతం, 5 కోట్లు దాటితే ఆ పైన 20 శాతం. అంటే బాగా అమ్ముడుపోయే పెద్ద కంపెనీలకే తగ్గింపు, చిన్నవాళ్లకు అదే 30. వారం తిరక్కుండానే, డిసెంబర్ 6న, ఎపిక్ 12 శాతం కమీషన్‌తో దుకాణం తెరిచింది.

పన్నులు పక్కన పెట్టి 1,000 రూపాయల గేమ్ అనుకుంటే, స్టీమ్‌లో తీసినవాళ్లకు 700 మిగులుతుంది, ఎపిక్‌లో 880. అన్‌రియల్ ఇంజిన్ అని గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎపిక్‌దే ఉంది, దాంతో తీసిన గేమ్ అయితే ఆ ఇంజిన్‌కు కట్టాల్సిన రాయల్టీ కూడా ఎపిక్ తన వాటాలోనే చూసుకుంటుంది. 2025 జూన్ నుంచి ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో గేమ్ మీద ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల వరకు కమీషనే లేదంది. ఇద్దరు ముగ్గురు కలిసి తీసే గేముకు ఇది మామూలు విషయం కాదు.

కమీషన్ అంత తగ్గితే మనకు గేమ్ ధర ఎందుకు తగ్గలేదు?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇదే, తక్కువ మంది అడిగేదీ ఇదే.

ధర పెట్టేది స్టోర్ కాదు, గేమ్ కంపెనీ. స్టోర్ తక్కువ కోసుకుంటే ఆ మిగిలింది కంపెనీ గల్లాలోకి పోతుంది. మన బిల్లు మీద అదే అంకె. కొత్తగా వచ్చిన ఏ పెద్ద గేమైనా తీసుకుని రెండు స్టోర్లూ పక్కపక్కన తెరిచి చూడండి, చాలాసార్లు రూపాయితో సహా ఒకటే ధర. మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు తన కోత తగ్గించుకుంటే రైతుకు మిగులుతుంది గానీ మన సంచిలో టమాటా చవకవుతుందా?

తగ్గిన సందర్భం ఒకటుంది. 2019లో మెట్రో ఎక్సోడస్ ఎపిక్‌కు మారినప్పుడు అమెరికాలో దాని ధర 60 డాలర్ల నుంచి 50కి దించారు. ఆ దారిలో అందరూ నడుస్తారేమోనని నేనూ ఆశపడ్డాను. నడవలేదు.

దీనికి ఇంకో కారణం చెప్పేవాళ్లున్నారు. స్టీమ్ బయట గేమ్ చవగ్గా అమ్మితే స్టీమ్ ఊరుకోదని, అందుకే కంపెనీలు ఎక్కడైనా ఒకే ధర పెడుతున్నాయని వోల్ఫైర్ అనే చిన్న గేమ్ స్టూడియో 2021లో అమెరికాలో కేసు వేసింది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోవడం లేదు. 2024 నవంబర్‌లో కోర్టు దాన్ని క్లాస్ యాక్షన్‌గా ఒప్పుకుంది, అంటే ఆ ఒక్క స్టూడియో తరఫునే కాక స్టీమ్‌లో అమ్ముకునే మిగతావాళ్ల తరఫున కూడా నడుస్తుంది. అందులో నిజం ఎంతో తేలితే, పైన అడిగిన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

అసలు స్టీమ్ ఇంత పెద్దది ఎట్లయ్యింది?

2003 సెప్టెంబర్‌లో వాల్వ్ దీన్ని మొదలుపెట్టింది తన సొంత గేములకు అప్‌డేట్లు పంపడానికి. 2004 నవంబర్‌లో హాఫ్-లైఫ్ 2 వచ్చింది. డిస్కు కొన్నవాళ్లు కూడా స్టీమ్ పెట్టుకుంటే తప్ప ఆడలేరని షరతు. మొదటి రోజు సర్వర్లు కుదేలయ్యాయి, జనం తిట్టిపోశారు. ఇవాళ ఎక్స్‌క్లూజివ్‌ల మీద స్టీమ్ అభిమానులు తిట్టే తిట్లన్నీ అప్పుడు స్టీమే తిన్నదని చెబితే మా కుర్రాళ్లు నమ్మరు.

తర్వాత ఏడాది నుంచి బయటివాళ్ల గేములూ పెట్టింది. పోటీ లేని కాలంలో ఫ్రెండ్స్ లిస్టు, రివ్యూలు, సేల్, క్లౌడ్ సేవ్, వర్క్‌షాప్ ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోయింది. 2025లో ఒకే సమయంలో ఆన్‌లైన్ ఉన్నవాళ్లు 4 కోట్లు దాటారు. అటువైపు ఎపిక్‌లో కొన్నవన్నీ ఒకేసారి బిల్లు చేసుకునే కార్ట్ పెట్టడానికి మూడేళ్లు పట్టింది, 2021 డిసెంబర్‌లో గానీ రాలేదు. దుకాణం తెరిచి మూడేళ్లు బుట్ట పెట్టని షావుకారిని నేనెక్కడా చూడలేదు.

పెద్ద కంపెనీలు స్టీమ్ వదిలి వెళ్లి మళ్లీ వచ్చాయట, నిజమేనా?

నిజమే. ఈఏ 2011లో ఆరిజిన్ పెట్టి కొత్త గేములు స్టీమ్‌కు ఇవ్వడం మానేసింది. 2019లో తిరిగొచ్చింది. బెథెస్డా 2018లో ఫాల్అవుట్ 76ను సొంత లాంచర్‌లోనే విడుదల చేసింది, 2022లో ఆ లాంచరే మూసేసింది. అదే ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ స్టీమ్‌కు వచ్చింది, డిసెంబర్‌లో యూబీసాఫ్ట్ కూడా. 30 శాతం మిగుల్చుకుందామని పోయినవాళ్లకు, జనం లేని చోట మిగిలేదేమీ లేదని తెలిసొచ్చింది. కొత్త కాలనీలో అద్దె తక్కువని షాపు మార్చి ఏడాదికే మళ్లీ క్లాక్ టవర్ దగ్గరికి వచ్చిన సెల్ షాపులు మన ఊళ్లో ఎన్ని లేవు.

ఎపిక్ ఇచ్చే ఉచిత గేములు నిజంగా ఉచితమేనా? తర్వాత డబ్బు కోసుకుంటారా?

కోసుకోరు. ఒకసారి క్లెయిమ్ చేస్తే అది మీ లైబ్రరీలో ఉంటుంది. కార్డు కూడా ఇవ్వక్కర్లేదు. ప్రతి గురువారం మన టైము రాత్రి ఎనిమిదిన్నరకు మారతాయి, అమెరికాలో చలికాలం గడియారం నడిచే నెలల్లో తొమ్మిదిన్నరకు. అకౌంట్‌కు టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగే తాళం) పెట్టుకోండి, కొన్నిసార్లు అది లేకపోతే ఇవ్వరు.

వాళ్లకేం లాభం అంటారా? పైన చెప్పిన ఆపిల్ కేసు కాగితాల్లో ఆ లెక్కా ఉంది. మొదటి తొమ్మిది నెలల్లో ఉచిత గేములకు ఎపిక్ గేమ్ కంపెనీలకు కట్టింది సుమారు 1.16 కోట్ల డాలర్లు. దానికి వచ్చిన కొత్త అకౌంట్లు దాదాపు 50 లక్షలు. ఒక్కో మనిషికి రెండున్నర డాలర్లు కూడా పడలేదు. టీవీలో యాడ్ వేసినా ఇంత చవగ్గా రారు.

2020 మే నెలలో జీటీఏ 5 ఉచితంగా ఇచ్చినప్పుడు గంటల తరబడి సైట్ తెరుచుకోలేదు. లాక్‌డౌన్ రోజులు, షాపు షట్టర్ దింపి ఉంది. ఆ రాత్రి నాకు పన్నెండు దాకా ఫోన్లే. గద్వాల నుంచి ఒక పిల్లవాడు క్లెయిమ్ అయితే చేసుకున్నాడు గానీ ఇంట్లో నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 2 జీబీ. గేమ్ సైజు వంద జీబీకి దగ్గర. "యాభై రోజులు పడతదిరా" అంటే, "పట్టనీ అన్నా, లాక్‌డౌన్ ఎట్లాగూ ఉంది గదా" అన్నాడు.

నా అభిప్రాయంలో ఈ స్టోర్ల పోటీలో మన జేబుకు నేరుగా దక్కిన లాభం ఈ ఉచిత గేములే.

ఇన్ని లాంచర్లు పెడితే పీసీ స్లో అవుతుందా?

పెట్టడం వల్ల కాదు, పొద్దున పీసీ ఆన్ చేయగానే అన్నీ లేచి కూర్చోవడం వల్ల. మొన్న భూత్పూర్ నుంచి ఒకాయన కొడుకు పీసీ ఆటోలో వేసుకొచ్చాడు. "ఆర్నెల్ల కింద అరవై వేలు పోసిన, ఇప్పుడు ఎద్దు బండి లెక్క నడుస్తుంది" అని. టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ చూస్తే స్టీమ్, ఎపిక్, ఈఏ, యూబీసాఫ్ట్, రయట్, బాటిల్.నెట్ వరసగా ఆరు. డెస్క్‌టాప్ వచ్చేసరికే 8 జీబీ ర్యామ్‌లో ముప్పావు వంతు నిండి ఉంది. ఆరింటినీ డిజేబుల్ చేసి రీస్టార్ట్ కొట్టాను. ఆయన టీ తాగేలోపే పని అయిపోయింది. డబ్బులు తీసుకోలేదు, ర్యామ్ మాత్రం ఇంకో 8 వేయించుకోమన్నాను.

మీరూ చేసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్‌కు వెళ్లి, లాంచర్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి డిజేబుల్. గేమ్ ఆడాలనుకున్నప్పుడు మీరే తెరుచుకుంటారు.

గేమ్ ఎపిక్‌లో ఉచితంగా వచ్చింది. దాని డీఎల్‌సీ (గేమ్‌కు అదనంగా కలిపే భాగం) స్టీమ్ సేల్‌లో చవగ్గా ఉంది. కొనొచ్చా?

కొనకండి. దాదాపు ఎప్పుడూ పని చేయదు. బేస్ గేమ్ ఏ స్టోర్‌దైతే డీఎల్‌సీ ఆ స్టోర్‌దే ఉండాలి. సేవ్ ఫైళ్లు కూడా మామూలుగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వాటంతట అవి పోవు. స్నేహితుడిది స్టీమ్, మీది ఎపిక్ అయితే కలిసి ఆడగలరా అన్నది గేమ్‌ను బట్టి ఉంటుంది. క్రాస్‌ప్లే ఉందో లేదో కొనేముందే చూసుకోండి. ఎక్స్‌క్లూజివ్ మనకు పెట్టే అసలు ఇబ్బంది ఇదే. లాంచర్‌కు డబ్బేమీ పెట్టం, కానీ మన జట్టు రెండు ముక్కలవుతుంది.

నేను స్టీమ్‌లో కొన్నాక గేమ్ వేరే స్టోర్‌కు పోతే నాది పోతుందా?

ఇప్పటిదాకా అట్లా జరిగిన పెద్ద ఉదాహరణ లేదు. మెట్రో ఎక్సోడస్ విడుదలకు రెండున్నర వారాల ముందు ఎపిక్‌కు మారింది, అప్పటికే స్టీమ్‌లో ముందస్తుగా కొన్నవాళ్లకు స్టీమ్‌లోనే అందింది. సరిగ్గా ఏడాదికి, 2020 ఫిబ్రవరిలో, మిగతావాళ్లకూ స్టీమ్‌లో వచ్చింది. రాకెట్ లీగ్ తీసిన కంపెనీని ఎపిక్ 2019లో కొనేసింది. 2020 సెప్టెంబర్‌లో గేమ్‌ను ఉచితం చేసి స్టీమ్‌లో కొత్తవాళ్లకు ఆపేసింది గానీ, పాతవాళ్లు ఇవాళ్టికీ స్టీమ్‌లోనే తెరుచుకుంటున్నారు.

మాట తప్పిన కేసు అంటే షెన్‌మూ 3. గేమ్ తీయడానికి జనం చందాలు వేసుకున్నప్పుడు స్టీమ్ కాపీ ఇస్తామని చెప్పి, 2019లో ఎపిక్ అన్నారు. గొడవ ముదిరాక డబ్బు వాపస్ ఇస్తామని ఒప్పుకున్నారు. ఇదొక్కటి మాత్రం నాకు సమర్థించాలనిపించదు. గుత్తకిచ్చే ముందు ఆ తోట మీద ఇంకెవరికైనా మాటిచ్చామా అని చూసుకోవాలి కదా.

వేరే సైట్లలో గేమ్ కీ (స్టోర్‌లో కొడితే గేమ్ మన లైబ్రరీలోకి వచ్చే కోడ్) సగం ధరకే దొరుకుతోంది. తీసుకోవచ్చా?

నేను తీసుకుని దెబ్బతిన్నాను. పదకొండు వందల గేమ్ కీ నాలుగు వందలకు అంటే ఎగిరి గంతేసి కొన్నాను. రెండు నెలలు బాగానే ఆడాను. ఒక రోజు చూస్తే లైబ్రరీలో గేమ్ లేదు. దొంగ కార్డుతో కొన్న కీ అట, కంపెనీ రద్దు చేసింది. అమ్మినవాడు మెసేజ్‌కు జవాబివ్వలేదు, సైట్‌వాళ్లు "విక్రేతతో మాట్లాడుకోండి" అన్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అటు పోలేదు.

కీలన్నీ దొంగవి కావు. గేమ్ కంపెనీలు తమ స్టీమ్ కీలను వేరే దుకాణాల ద్వారా కూడా అమ్ముకోవచ్చు, వాటి మీద స్టీమ్ కమీషన్ తీసుకోదు. గేమ్ కంపెనీ దగ్గర నేరుగా కీలు తెచ్చుకునే దుకాణమైతే పర్లేదు. ఎవరు పడితే వాళ్లు కీ పెట్టి అమ్ముకునే సంత అయితే మాత్రం దూరం.

వీపీఎన్ పెట్టి, వేరే దేశంలో ఉన్నట్టు చూపించి, అక్కడి ధరకు కొంటే?

వద్దు. నిబంధనలకు విరుద్ధం, అకౌంట్ లాక్ అయితే మొత్తం లైబ్రరీ ఇరుక్కుంటుంది. ఇదివరకు అందరూ ఎగబడిన అర్జెంటీనా, టర్కీల్లో 2023 నవంబర్ నుంచి స్టీమ్ డాలర్ ధరలే పెట్టింది కాబట్టి ఆ సరదా కూడా తీరిపోయింది.

డబ్బు ఎట్లా కట్టాలి? నచ్చకపోతే వాపస్ వస్తుందా?

స్టీమ్‌లో 2015 నవంబర్ నుంచి రూపాయల్లోనే ధరలు. యూపీఐతో కట్టేయొచ్చు, క్రెడిట్ కార్డు అక్కర్లేదు. ఏ స్టోర్‌లోనైనా ధర డాలర్లలో కనిపిస్తే మాత్రం ఆగండి, బ్యాంకు మారకం చార్జీ వేస్తుంది, అది బిల్లు మీద కనపడదు.

వాపస్ విషయంలో స్టీమ్, ఎపిక్ రెండిటిదీ ఒకే కొలత. కొని 14 రోజులు దాటకూడదు, 2 గంటలకు మించి ఆడి ఉండకూడదు. ఆ రెండు గంటల్లో మన పీసీలో గేమ్ సరిగ్గా నడుస్తుందా అన్నది తేల్చుకోండి. కథ చూస్తూ కూర్చుంటే టైము అయిపోతుంది.

డబ్బు పెట్టి కొన్న గేమ్ నాదేనా?

కాదు. ఆడుకోవడానికి అనుమతి మీది. స్టీమ్‌లో 2024 అక్టోబర్ నుంచి బిల్లు కట్టేముందు ఆ మాట రాసి చూపిస్తున్నారు. లైసెన్సు అమ్ముతూ "కొనండి" అని ఊరికే రాయకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది, దాని ఫలితమది. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల గేమ్‌ను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. సర్వర్ పోయింది, డబ్బు పెట్టినవాళ్ల చేతిలో డిస్కు ఉన్నా ఆడటానికి లేదు.

దీనికి కొంత మందు పోలండ్ నుంచి 2008లో మొదలైన గాగ్ అనే స్టోర్. అక్కడ కొన్న గేమ్ ఇన్‌స్టాలర్ ఫైల్ మీ హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు, ఏ లాంచర్ లేకుండా, నెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు. పాత గేములకు బాగుంటుంది. కొత్త పెద్ద గేములు అక్కడికి ఆలస్యంగా వస్తాయి, చాలావరకు రావు. ఎక్స్‌క్లూజివ్‌ల మీద అంత గొంతు చించుకునేవాళ్లు ఈ సంగతి ఎందుకు పట్టించుకోరో నాకర్థం కాదు. గేమ్ ఏ దుకాణంలో ఉంది అన్నదానికంటే, దుకాణం మూతపడితే నా దగ్గర ఏం మిగులుతుంది అన్నది పెద్ద విషయం కాదా?

ఇట్లా గుత్తకు పట్టుకోవడం మన చట్టం ప్రకారం తప్పు కాదా?

దానికదే తప్పు కాదు. 2002 కాంపిటీషన్ చట్టంలో 3వ సెక్షన్ ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాల గురించే చెబుతుంది. కానీ వాటివల్ల పోటీకి చెప్పుకోదగ్గ హాని జరిగిందని తేలితేనే తప్పు. 4వ సెక్షన్ కూడా అంతే, మార్కెట్‌లో పెద్దవాడిగా ఉండటం నేరం కాదు, ఆ బలాన్ని అడ్డంగా వాడటం నేరం. యాప్‌ల కమీషన్ గొడవలో 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది ఈ రెండో దాని కిందే. అప్పీల్‌లో ట్రిబ్యునల్ దాన్ని తగ్గించింది.

పీసీ కొంచెం వేరు. విండోస్‌లో ఎవరైనా స్టోర్ పెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిన్నవాడు ఒక గేమ్‌ను ఆర్నెల్లు ఆపుకోవడం, పెద్దవాడు అందరినీ ఒకే ధరకు కట్టేయడం ఒకే తూకంలో వేసేవి కావు. రెండోది నిజమైతే అదే పెద్ద సమస్య.

ఎక్స్‌క్లూజివ్ గేమ్‌ను వెంటనే కొనాలా, ఆగాలా?

ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడేదైతే వాళ్లెక్కడుంటే అక్కడ కొనండి, ఆగితే జట్టు చెదిరిపోతుంది. ఒంటరిగా కథ కోసం ఆడేదైతే నేను ఆగుతాను. ఏడాది తర్వాత బగ్‌లు తీరి, డీఎల్‌సీ చేరి, సేల్‌లో సగానికే వస్తుంది. పైగా అప్పటికి మన గ్రాఫిక్స్ కార్డు కూడా కాస్త ఊపిరి పీల్చుకునేలా ప్యాచ్‌లు వచ్చి ఉంటాయి. మా అక్క కొడుకు మాత్రం విడుదలైన రోజే కొంటాడు, నెలాఖరుకు నా దగ్గర చేబదులు అడుగుతాడు.

ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములం. ఒక్కో గేమ్ రెండుసార్లు కొనాలా?

స్టీమ్ ఫ్యామిలీస్‌లో చేరితే చాలా గేములకు అక్కర్లేదు. ఒకే ఇంట్లో ఆరుగురి వరకు లైబ్రరీలు కలుపుకోవచ్చు. కాకపోతే ఒక్క కాపీ ఉన్న గేమ్‌ను ఒకేసారి ఒక్కరే ఆడగలరు. ఇంకో సంగతి, అన్న కొన్న గేమ్‌లో తమ్ముడు చీట్ వాడి దొరికిపోతే అన్న మీద కూడా బ్యాన్ పడుతుంది. చేరేముందు తమ్ముడి సంగతి ఆలోచించుకోండి.

మీ షాపులో గేములు ఎక్కించి ఇస్తారా?

క్రాక్ గేములు, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన దొంగ కాపీలు, ఎక్కించను. ఒకప్పుడు ఎక్కించాను, దాచేదేముంది. ఇప్పుడు పీసీ కొన్నవాళ్లకు స్టీమ్, ఎపిక్ అకౌంట్లు వాళ్ల పేరుతోనే తెరిచి, టూ-ఫ్యాక్టర్ పెట్టి, ఆ వారం ఉచిత గేమ్ క్లెయిమ్ చేయించి పంపిస్తాను. షాపులో ఫైబర్ ఉంది కాబట్టి ఊళ్లో నెట్ లేనివాళ్లు రాత్రి పీసీ వదిలివెళ్తే తెల్లారేసరికి డౌన్‌లోడ్ అయి ఉంటుంది. దానికి డబ్బు తీసుకోను. వచ్చేటప్పుడు మీ మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని రండి. సగం మందికి అదే గుర్తుండదు, మిగతా సగం మందికి ఓటీపీ నాన్న ఫోన్‌కు పోతుంది, నాన్న పొలంలో ఉంటాడు.